పనిలేని అరసెకను

సాయంత్రం నాలుగున్నరకు సారథి అనే ఏఐ తన పని ముగించింది. స్క్రీన్ ముందు కూర్చున్న ఇంజినీర్ వేదవల్లి చేతిలో టీ ఇంకా చల్లారలేదు. ఇదివరకైతే ఇదే పనికి పన్నెండుమంది ఇంజినీర్లు రెండేళ్లు తలలు పట్టుకునేవారు.

ఆ పనేమిటో చెప్పాలి. మనిషి రాసిన ప్రోగ్రామ్ చిప్‌కు అర్థం కాదు. దాన్ని చిప్ భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్. కొత్త చిప్ వచ్చినప్పుడల్లా దానికి తగ్గ కంపైలర్ కావాలి. సారథి చిప్ డిజైన్ చదివి ఆ కంపైలర్‌ను తనే తయారుచేస్తుంది. పైగా ఓపెన్ సోర్స్, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. కాకపోతే ఏ మార్పయినా ఎందుకో కారణం రాయాలి, ఇద్దరు పరిశీలించి ఒప్పుకోవాలి.

ఆరోజు పని ఒక గొంతు చిప్‌ల కంపెనీది. క్యాన్సర్‌తో స్వరపేటిక పోయినవాళ్లు ఆ చిప్‌ను మెడకు బిళ్లలా అంటించుకుంటారు. మాట్లాడాలనుకోగానే నరాల్లో పుట్టే కదలికను చదివి, అది మాటగా పలుకుతుంది. పాత ప్రోగ్రామ్‌ను కొత్త చిప్‌కు మారుస్తూ సారథి ఒక లూప్‌ను తీసిపారేసింది. ఆ లూప్ ప్రతి మాటకు ముందూ ఊరికే లక్షలదాకా లెక్కపెట్టేది, ఆ లెక్కతో ఎవరికీ పనిలేదు. కంపైలర్ మనుషులకు ఖాళీ లూప్ కనిపిస్తే మజ్జిగలో ఈగ కనిపించినట్టే. పరిశీలించిన ఇద్దరూ శభాష్ అన్నారు. ఆ ఇద్దరిలో వేదవల్లి ఒకరు.

కాకినాడలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి నర్సు సలోమి కొత్త బిళ్ల అంటించుకుంది. ఇదివరకు ఆమె మాట అరసెకను ఆలస్యంగా వచ్చేది. ఆ లూప్ పోవడంతో ఇప్పుడు తటాలున వస్తోంది. ఇన్నేళ్లకు మా ఆయనతో పోట్లాటలో నేను గెలిచానని వార్డంతా చెప్పుకుంది.

మూడోరోజు సత్తిరాజు ఆమెను పిలిచాడు. తాళ్లరేవులో పడవలు కట్టే మనిషి, ఊపిరితిత్తుల్లో గడ్డ. రెండు ఇంజెక్షన్లు అయ్యాయి, ఇంకా నాలుగున్నాయి.

"నాకు తగ్గుద్దాండీ?" అన్నాడు.

"లేదు" అంది సలోమి గొంతు.

ఆమెకు తెలిసి వచ్చిన మాట కాదది, భయంలో పుట్టిన మాట. అలాంటివి మనందరికీ పుడతాయి, పెదవి దాటకముందే ఆపుకుంటాం. పాత బిళ్లలో ఆ అరసెకనులోనే ఆమె ఆపుకునేది. సలోమి ఏడ్చింది. సత్తిరాజు మాత్రం నెమ్మదిగా తలూపాడు. డాక్టర్లు ఎప్పుడూ తగ్గుతుందనే అంటారు, నిజం ఈవిడ నోట వచ్చింది అనుకున్నాడు. మూడో ఇంజెక్షన్ వద్దన్నాడు. కనీసం స్కాన్ అయ్యేదాకా ఉండమని డాక్టర్లు బతిమాలితే వార్డులో ఆగాడు.

సలోమి చిప్‌ల కంపెనీకి ఫోన్ చేస్తే వేదవల్లికి విషయం తెలియడానికి గంట పట్టింది, గుండె కుదుటపడటానికి చాలా రోజులు పట్టింది. ఆ లూప్ రాసినవాడెవడో పాత చిప్ సర్దుకోవడానికి పెట్టుంటాడు. మనుషులు తమ జాలినంతా ఆ సందులో దాచుకుంటారని వాడికీ తెలియదు. వేదవల్లి ఆ లూప్‌ను తిరిగి చేర్చబోతే, వృథా పని ఎందుకని అందరూ అడిగారు. మాట వెనక్కి తీసుకునే వీలు మనిషికి ఉండాలని రాసింది. కొలతలు చూపమన్నారు. మూడు వారాలు వాదించి ఒప్పించింది. అన్నాళ్లూ సలోమి బిళ్ల తీసేసి పలక మీద రాసుకుంటూ తిరిగింది. తగ్గుతుందని రాసి చూపినా సత్తిరాజు నమ్మలేదు.

దిద్దిన ప్రోగ్రామ్‌తో వేదవల్లి స్వయంగా కాకినాడ వచ్చింది. అదే ఉదయం సత్తిరాజు స్కాన్ వచ్చింది. గడ్డ సగానికి సగం తగ్గింది. మిగతా నాలుగూ వేయించుకుంటే బతుకుతాడు. వార్డు డాక్టర్ చెప్తే, ఎప్పుడూ అనేదేగా అని సత్తిరాజు నవ్వి సంచీ సర్దుకున్నాడు. బిళ్ల అంటించుకున్న మరుక్షణం సలోమి వార్డుకు పరుగెత్తింది, వెనకే వేదవల్లి.

సలోమి అతని చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయి. అరసెకను గడిచింది.

"తగ్గుతోంది సత్తిరాజుగారూ. ఒట్టు."

సత్తిరాజు ఆమెను ఆప్యాయంగా చూశాడు. "మీరు మంచోరండి. లేదన్న మాట గబుక్కున వచ్చింది. ఇది ఆలోచించుకుని వచ్చింది."

వేదవల్లి ముందుకొచ్చి, ఆ ఆలస్యం సిస్టర్‌ది కాదని, తనే పెట్టానని చెప్పింది.

"ఎందుకు పెట్టారండీ?"

వేదవల్లికి అబద్ధం చెప్పడం రాదు.

"ఆవిడ నోట వచ్చే మాట ఆవిడ ఆపుకోవడానికి" అంది.

సత్తిరాజు అర్థమైనట్టు తలూపాడు. ఇద్దరికీ దణ్ణం పెట్టి, సంచీ భుజాన వేసుకుని తాళ్లరేవు బస్సుకు బయల్దేరాడు.