పాతకొట్టంలో పిలుపు

ఎస్టేటు గేటు వెనకాల ఉన్న పాత రాతికొట్టం ఊసెత్తితే పనివాళ్లు మాట మార్చేస్తారు. చీకటి పడ్డాక అటు పోతే, లోపలి నుంచి ఆవుల్ని ఇంటికి పిలిచే పిలుపు వినిపిస్తుందట... పిలిచేది మా తాతయ్య. ఈ కథ జరిగేనాటికి ఆయన పోయి ఏడాది దాటింది.

ఇది మా మామయ్య చెప్పగా విన్నాను. ఆయన కోతలరాయుడే గానీ, ఇందులో తన పిరికితనమే బయటపడుతోంది కాబట్టి నమ్మాను.

ఆ ఎస్టేటులో ఆవులకి తాడు కట్టరు. యజమాని ముత్తాత నాటి నుంచీ అదే పద్ధతి. సాయంత్రం కాపరి గేటు దగ్గర నిలబడి గొంతెత్తి పిలిస్తే, ఎక్కడ మేస్తున్నా వచ్చేయాలి. ఆ పిలుపు కాపరి ఇంటి మగవాళ్లదే. ఆడవాళ్లు పాలు పితకొచ్చు, పేడ ఎత్తొచ్చు... మందని మాత్రం పిలవకూడదు. పిలిచారని తెలిస్తే కాపరిపని ఆ ఇంటికి దక్కదు.

తాతయ్య తర్వాత పని మామయ్యకి వచ్చింది. పిలుపు రాలేదు. గొంతు చించుకున్నా ఆవులు ఓసారి తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడేవి. చిత్రమేమిటంటే, బయట ఉండిపోయినవి తెల్లారేసరికి ఎలాగో కొత్తకొట్టం చేరేవి.

"మీ నాన్న అక్కడే తిరుగుతున్నాడు, పాతకొట్టం వైపు పోకురా" అనేది మా అమ్మమ్మ. మామయ్యకి ఒకసారి చెబితే చాలు, పగలు కూడా పోయేవాడు కాదు.

ఓ రోజు చూడి ఆవు ఇంటికి రాలేదు.

మందలోని పాత జాతి ఆవుల్లో ఈనే వయసున్నది అదొక్కటే. దానికేమైనా అయితే మందని అమ్మేస్తానని, మామయ్య వేరే పని చూసుకోవాలని యజమాని ముందే చెప్పి ఉన్నాడు. మామయ్య టార్చిలైటు పట్టుకుని, సన్నటి వానలో గడ్డినేలంతా తిరిగాడు. కాలవగట్టు చూశాడు. ఎక్కడా లేదు.

అప్పుడు వినిపించింది...

పాతకొట్టంలోంచి — సన్నగా మొదలై, సాగి, చివర్లో విరిగే పిలుపు. అచ్చం తాతయ్యదే. మామయ్య టార్చిలైటు ఆర్పేసి వెనక్కి తిరిగాడు. పారిపోదామనుకున్నాడు. అంతలో లోపల ఆవు మూలిగింది.

ఆవు కోసం తలుపు తోశాడు. చీకట్లో ఎవరో నేలమీద కూర్చుని ఉన్నారు...

"వణికింది చాల్లే. దూడ కాలు మడతపడింది, వచ్చి పట్టుకో" అంది అమ్మమ్మ గుసగుసగా.

ఆవిడ పిలుస్తూనే ఉంది. పిలిచినంతసేపూ ఆవు బెదరకుండా ఉంది. కాలు సరిచేసి ఇద్దరూ లాగారు. దూడ గడ్డిలో పడి తుమ్మింది. మామయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

"అమ్మా... నాన్న పిలుపు నీకెలా వచ్చింది?"

"మీ నాన్నకి పిలుపు ఎప్పుడొచ్చిందిరా? ఆయన అరిస్తే ఒక్కటీ వచ్చేది కాదు. నేనే ఈ గోడ వెనక నుంచి పిలిచేదాన్ని. ఆయన గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకైనా సొంతంగా వస్తుందేమోనని చూశాను. నీదీ మీ నాన్న గొంతే."

మర్నాడు సాయంత్రం మామయ్య గేటు దగ్గర నిలబడి నోరు తెరిచాడు. మంద మొత్తం కదిలి వచ్చింది. తండ్రి గొంతు కొడుక్కి దిగిందని పనివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. యజమాని అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

పోయిన వానాకాలంలో అమ్మమ్మ కన్నుమూసింది. ఆ దుఃఖంలో మామయ్య కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు. తిరిగి పనిలోకి వెళ్లిన సాయంత్రం, అలవాటు చొప్పున గేటు దగ్గరికెళ్లి నోరు తెరిచాడట. తెరిచాక గానీ గుర్తురాలేదు — గోడ వెనక ఇక ఎవరూ లేరని.

మూసేద్దామనుకునేలోపే గోడ వెనక నుంచి పిలుపు వినిపించింది...

ఆవులు వచ్చేశాయి.