చేత్తో పట్టుకున్న నెట్టు

ఇల్లొక చోట, షెడ్డొక చోట. మధ్యలో పొలాలు ఎంత పొడుగంటే, పొద్దున్నే బయల్దేరిన కాకి దారిలో కునుకు తీసి గానీ అవతలికి చేరదు. వైఫై ఇంట్లో ఉంది. అమ్మాయి ఆన్‌లైన్లో కుట్టు నేర్పేది షెడ్డులో. ఇంటి కింద నాన్న పిండిమిల్లు మోతకి గోడలే చెవులు మూసుకుంటాయి మరి.

“నెట్టు లేక ఈ రోజు కూడా క్లాసు మధ్యలో ఆగిందా, కుట్టూ వద్దు గిట్టూ వద్దు. వచ్చి మిల్లులో కూర్చో,” అన్నాడు నాన్న, షెడ్డుకి నెట్టు అందించడానికొచ్చిన వైఫై అబ్బాయి ముందే. ఎప్పుడాగుతుందా అని తన ఫోన్లో తనూ క్లాసు తెరిచిపెట్టుకున్నాడు.

వైఫై అబ్బాయి ఇంటి మీద పళ్లెం లాంటి యాంటెన్నా బిగించి, రెండోది పట్టుకుని షెడ్డు కప్పెక్కాడు. ఎక్కాక సంచి తడుముకున్నాడు.

“ఏమైంది?” అంది అమ్మాయి కింద నుంచి.

“యాంటెన్నాని పట్టి ఉంచే క్లాంపులు రెండూ ఇంటి దగ్గరే బిగించేశానండీ. గాలికి ఊగకుండా.”

“ఇక్కడ గాలి లేదా?”

“ఇక్కడ నేనున్నాగా!”

“మీ తెలివి తెల్లారినట్టే ఉంది. క్లాసు టైమైంది, దిగకండి మహానుభావా! అలాగే పట్టుకోండి!”

పట్టుకున్నాడు. రెండు పళ్లేలూ ఎదురెదురుగా చూసుకుంటేనే నెట్టు.

“కొంచెం ఎడమకి... చాలు! ఊపిరి కూడా మెల్లగా పీల్చండి!”

ఇంతలో వాన. మబ్బుకి చిల్లు పడ్డట్టు కురిసింది. కప్పలు కూడా గొడుగులడిగాయి. అతను తుమ్మాడు.

“మేడమ్, అక్కడెవరో తుమ్మారు,” అందో విద్యార్థిని.

“మా స్తంభం. మీరు కాలరు మడత చూడండి.”

తుమ్ములు ఆగలేదు, చెయ్యి కదల్లేదు. క్లాసు చివరి కుట్టు దాకా సాగింది.

అమ్మాయి ఫోను చేత్తోనే, గొడుగుతో నిచ్చెనెక్కింది. గొడుగు అతనికి పట్టి తను తడిసింది.

“క్లాసు ఆగితే మీకేం పోయేదండీ, ఇంత తడిశారు?”

“మీరు మిల్లులో కూర్చునేవారు. ఆ మోతలో నేను చెప్పేది మీకు వినపడదు.”

“ఏం చెప్తారేంటి?”

“మీరంటే ఇష్టమని.”

అమ్మాయి గొడుగు పక్కకి ఒరిగింది. సరిచేసుకోలేదు.

“ఇంకోసారి చెప్పండి. వాన చప్పుడు.”

“నాకు బానే వినపడిందమ్మాయ్,” అంది ఫోను. నాన్న! అమ్మాయి క్లాసు కట్టెయ్యడం మరిచిపోయింది. “మిల్లు ఆపి మరీ క్లాసు చూశాను. నువ్వు క్లాసు నడుపుకో. ఆ అబ్బాయికి తువ్వాలిచ్చి ఇంటికి తీసుకురా.”

అతను దండం పెట్టబోయాడు, పళ్లెం పక్కకి తిరిగింది. నెట్టు పోయింది.

“కోప్పడి ఆపేశారా?” అన్నాడు బిక్కమొహంతో.

అమ్మాయి ఫోను అతని వైపు తిప్పింది. తెర మీద నాన్న, నోరంతా తెరిచి నవ్వుతూ, అలాగే ఆగిపోయి ఉన్నాడు.