సర్వర్ డౌన్ మేడమ్!

"సర్వర్ డౌన్ అయిందండీ. రెండ్రోజులు ఓపిక పట్టండి."

వెంకటకృష్ణ కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అనేశాడు. పెళ్లి వీడియో కోసం వచ్చినవాళ్లందరికీ ఈ మధ్య ఇదే మాట చెప్తున్నాడు. ఎవరూ తిరిగి అడగలేదు. పాపం, అనుకుని వెళ్లిపోయేవాళ్లు.

"ఏ సర్వర్? ఏమైంది దానికి?"

ఈసారి తలెత్తక తప్పలేదు. గుమ్మంలో రెయిన్‌కోటు విదిలిస్తూ ఒకమ్మాయి నిలబడి ఉంది. రవికుమార్ చెల్లెలు ఉషారాణి. వేసవిలో తండాలో రవికుమార్ పెళ్లికి వీడియో తీసింది వెంకటకృష్ణే.

"అంటే... టెక్నికల్ ప్రాబ్లమండీ. చెప్పినా మీకు..."

"చెప్పు. భద్రాచలంల దవాఖానాల కంప్యూటర్లు చూసేది నేనే. సర్వర్ డౌన్ అని డాక్టర్లకు రోజూ నేను చెప్తా. నువ్వు నాకే చెప్తున్నవా?"

వెంకటకృష్ణ చేతిలోని మౌస్ వదిలేశాడు.

"మా అన్న మిలిటరీల ఉంటడు. సెలవు అయిపోవస్తున్నది. వదినను వెంట తీస్కపోయే వీలు లేదు, కనీసం పెండ్లి వీడియో అయినా ఇస్తవా, లేదా?"

అతను లేచాడు. "పైకి రండి. చూపిస్తా. అబద్ధమని తేలితే మీరేమన్నా పడతా."

బూర్గంపాడులో ఆ ఇల్లే అతని స్టూడియో. కింద అమ్మానాన్నలు, పైన అతని గది. గది మూలలో మూత లేని పాత కంప్యూటర్ ఒకటి గుయ్యిమంటోంది. దాన్నే ఫైల్ సర్వర్‌గా మార్చుకున్నాడు. తీసిన పెళ్లిళ్లన్నీ దాని డిస్కుల్లో ఉంటాయి. ఎడిటింగ్ కంప్యూటర్ ఇంకో బల్ల మీద. రెండింటికీ మధ్య నీలం కేబుళ్లు, వాటిని కలిపే చిన్న స్విచ్ పెట్టె.

"పిడుగు పడి బోర్డు మీదున్న నెట్‌వర్క్ పోర్టు కాలిపోయింది. దాని బదులు పాత నెట్‌వర్క్ కార్డు ఒకటి కొనుక్కొచ్చి పెట్టా. అప్పట్నుంచీ ఇదే గోల. చిన్న ఫైలైతే వస్తుంది. పెద్ద వీడియో లాగితే మధ్యలో లింకు పోతుంది."

"కేబుల్ మార్చినవా?"

"మార్చా. మధ్యలో ఉన్న స్విచ్ కూడా మార్చా."

"డ్రైవర్ సాఫ్ట్‌వేర్?"

"అదీ మార్చా. ఇంక మార్చాల్సింది నన్నే."

ఉష నవ్వు ఆపుకొంది. కుర్చీ లాక్కుని కూర్చుని సెట్టింగులన్నీ తిరగేసింది. "కార్డుకు పవర్ సేవింగ్ ఆన్‌ల ఉన్నది. పని చెయ్యమంటే నిద్ర పోతున్నట్టుంది. బంద్ చేస్తున్నా."

వీడియో ఒకటి లాగి చూశారు. ఆగకుండా వచ్చేసింది. కింద నుంచి అతని తల్లి సుబ్బరత్నం టీ తెచ్చింది. వాన తగ్గేదాకా ఉష అక్కడే కూర్చుంది. వాన తగ్గాక కూడా కాసేపు కూర్చుంది.

రెండ్రోజులకే వెంకటకృష్ణ ఫోన్ చేశాడు. "మేడమ్, మళ్లీ నిద్రపోయింది."

ఉష డ్యూటీ దిగి, స్కూటీ మీద గోదావరి వంతెన దాటి వచ్చింది. తీరా వచ్చి చూస్తే కార్డు లైటు పచ్చగా వెలుగుతోంది.

"మంచిగనే నడుస్తున్నది కదా?"

"ఇందాక పోయిందండీ. ఆపి, మళ్లీ ఆన్ చేశా."

మరోసారి కూడా అదే జరిగింది. ఆ తర్వాతా అదే. అతను ఫోన్ చేసినప్పుడు లింకు ఉండదు, ఆమె వచ్చేసరికి ఉంటుంది. రావడం మాత్రం ఉషకు కష్టంగా ఏమీ లేదు. అతను ఆమెను 'డాక్టరు గారూ' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె అతన్ని 'సర్వర్ డౌన్' అని పిలిచేది.

దవాఖానాలో ఆమె పక్క సీటు ప్రమీల ఈ రాకపోకలన్నీ గమనిస్తూనే ఉంది.

"ఉషా, నాకొక డౌటు. కేబుల్ ఆయనే పీకి నీకు ఫోన్ చేస్తున్నడేమో?"

"ఛీ, ఊకో."

"మరి నువ్వు పోంగనే గదెట్ల మంచిగైతది?"

ఆ మాట ముల్లులా దిగింది. అన్న సెలవు కరిగిపోతోంది. ఇంట్లో వదిన రూప్లి ఏమీ అడగదు. ఉష ఇంటికి రాగానే మొహంలోకి చూసి ఊరుకుంటుంది. ఆ చూపు గుర్తొచ్చి, ఆ ఆదివారం ఉష కోపంగానే మెట్లెక్కింది. లైటు పచ్చగా వెలుగుతోంది.

"నిజం చెప్పు. నువ్వే కేబుల్ పీకుతున్నవ్ కదా?"

వెంకటకృష్ణ ముందు నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

"ఎందుకు పీకుతానండీ?"

"నన్ను పిలవనీకి."

అతని మొహం వాడిపోయింది. "మీరొస్తే నాకు సంతోషమే. దాచను. కానీ ఇందులో మీ అన్నయ్య పెళ్లుంది. ఇంకా ఎంతోమంది పెళ్లిళ్లున్నాయి. వాటితో ఆటలాడతానని ఎలా అనుకున్నారు?" కంప్యూటర్ వైపు తిరిగిపోయి, "ఇంక పిలవను. వీడియో ఎలాగోలా పూర్తి చేసి పంపిస్తా" అన్నాడు.

ఉష మెట్లు దిగింది. సుబ్బరత్నం టీ గ్లాసుతో ఎదురొచ్చినా ఆగలేదు.

వారం గడిచింది. ఫోన్ రాలేదు. రోజూ వంతెన మీదుగా ఇంటికి పోతూ, ఆ వీధి మలుపు దగ్గర స్కూటీ ఎందుకు నెమ్మదిస్తుందో ఉషకే అర్థం కాలేదు.

రేపు రవికుమార్ ప్రయాణమనగా తండ్రి హాతీరాం అన్నాడు. "ఎడిటింగ్ లేకున్నా సరే బిడ్డా. తీసింది తీసినట్టే తీస్కరా. ఆడ ఒక్కడే ఉంటడు, సూస్కుంటడు."

ఉష వెళ్లేసరికి వెంకటకృష్ణ లేడు. పెళ్లి తీయడానికి పొద్దున్నే అశ్వారావుపేట వెళ్లాడట.

"వాడు సాయంత్రానికి గానీ రాడమ్మా. నీకు తెలిసిందేగా, పైకెళ్లి కాపీ చేసుకో" అంది సుబ్బరత్నం.

ఉష ఎడిటింగ్ కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్ తగిలించి, సర్వర్ నుంచి కాపీ మొదలుపెట్టింది. సగం దాకా పరుగెత్తి, టక్కున ఆగిపోయింది. మూలకు చూసింది. కార్డు లైటు ఆరిపోయి ఉంది.

గదిలో ఎవరూ లేరు. కేబుల్ ఎవరూ ముట్టుకోలేదు.

ఉషకు తల కొట్టేసినట్టయింది. 'ఎలా అనుకున్నారు?' అన్నప్పటి అతని మొహం కళ్ల ముందుకొచ్చింది. ఇన్నాళ్లూ సెట్టింగులు తిరగేసిందే గానీ, ఆ పెట్టెలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు.

సర్వర్ ఆపేసి, "అత్తమ్మా, జర ఫోన్ లైట్ పడతరా?" అని కేకేసింది.

సుబ్బరత్నం వచ్చి లైటు పట్టింది. కార్డు ముందు వైపు స్క్రూ గట్టిగా బిగించి ఉంది. వెనక వైపు మాత్రం గాడిలోంచి కొంచెం పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే దిగింది, వదిలితే మళ్లీ లేచింది.

"ఊడిపోతోందేమోనని లింకు పోయినప్పుడల్లా ఆ స్క్రూ ఇంకా బిగించేవాడమ్మా వాడు" అంది సుబ్బరత్నం.

"అదే అత్తమ్మా తప్పు. కార్డును పట్టే ఈ రేకు వంకరున్నది. ముందు బిగిస్తుంటే వెనక లేస్తున్నది. పనిల పడి వేడెక్కంగనే కాంటాక్ట్ పోతది. ఆపితే సల్లారి మళ్లీ తగుల్తది. నేనొచ్చేసరికి అందుకే మంచిగుంటున్నది."

కటింగ్ ప్లేయర్‌తో రేకు సరిచేసి, కార్డును గాడిలో పూర్తిగా కూర్చోబెట్టి, స్క్రూను అవసరమైనంతే తిప్పింది. మళ్లీ ఆన్ చేసి కాపీ పెట్టింది. ఈసారి చివరిదాకా ఆగలేదు.

"ఏదీ, మీ అన్న పెళ్లి నన్నూ చూడనీ" అని సుబ్బరత్నం కుర్చీ లాక్కుంది.

తెర మీద తండా కనిపించింది. పందిరి కింద ఉష నాయనమ్మ పూలి, అద్దాల రవికె మెరుస్తుండగా కెమెరాలోకి చూస్తూ అడుగుతోంది.

"నీకు పెండ్లయిందా బిడ్డా?"

కెమెరా వెనక నుంచి వెంకటకృష్ణ గొంతు: "లేదు అవ్వా."

"మా ఉష ఉన్నది. చేస్కుంటవా?"

నవ్వు వినిపించింది. "నేను సరేనంటే సరిపోతుందా అవ్వా, ఆమె అనాలిగా. అది తర్వాత. పొద్దుట్నుంచీ అందరికీ వడ్డిస్తూ తిరుగుతోంది, తను తిన్నట్టు లేదు. ముందు ఆమెకు ఇంత అన్నం పెట్టండి."

ఆ రోజు నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఎందుకు తినిపించిందో ఉషకు ఇప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుబ్బరత్నం తెర వైపు కాదు, ఉష వైపు చూస్తోంది. "ఇంట్లో తిన్న కంచం తీయడు గానీ, ఊళ్లోవాళ్ల ఆకలి తెలుస్తుందన్నమాట వీడికి."

చీకటి పడే వేళకు వెంకటకృష్ణ వానలో తడిసి వచ్చాడు. పైన ఉషను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కార్డు గాడిల సక్కగ కూసోలేదు. మంచిగ చేసిన" అంది ఆమె. "నువ్వు పీకలేదు. నా కండ్ల ముందే పోయింది. గట్ల అన్నందుకు... సారీ."

"పోన్లెండి. పాపం ఆ కార్డు నన్ను దొంగను చేసింది."

"అవ్వ అడిగింది, నువ్వు చెప్పింది విన్న."

వెంకటకృష్ణకు చెవులు ఎర్రబడ్డాయి. "అది... అది తీసేద్దామనుకున్నానండీ ఎడిటింగ్‌లో."

"తియ్యకు." ఉష హార్డ్ డిస్క్ బ్యాగులో పెట్టుకుంది. "ఆమె అనాలి అన్నవ్ కదా. అంటున్నా. సరే."

కింద నుంచి సుబ్బరత్నం కేకేసింది. "సరే అన్న పిల్లని నిలబెట్టే ఉంచావా? ఇద్దరూ అన్నానికి రండి!"

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. వెంకటకృష్ణ తండ్రి వెంకటరామారావు విన్న రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. "మన కులమేంటి, వాళ్ల తండా ఏంటి" అన్నాడు భార్యతో. అటు హాతీరాంకూ బెంగే. "ఆ ఇంట్ల నా బిడ్డకు మర్యాద ఉంటదా?" అన్నాడు.

సుబ్బరత్నం వాదించలేదు. ఒకరోజు పూలూ పళ్లూ పట్టుకుని ఒక్కతే తండాకు వెళ్లింది. పూలి పక్కన కూర్చుని రొట్టె తిని, "మీ మనవరాలు మా ఇంట్లో నా తర్వాత మనిషి కాదు, నాతో సమానం" అని హాతీరాంకు మాటిచ్చి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో భర్తతో, "ఈ శుక్రవారం పెళ్లి మాటలకు తండాకు నువ్వొస్తావా, మళ్లీ నేనే వెళ్లనా?" అంది.

వెంకటరామారావు వచ్చాడు. మొహం ముడుచుకునే కూర్చున్నాడు. హాతీరాం కొత్తగా వేసిన పామాయిల్ మొక్కలు కనబడి, ఊరుకోలేక, "నీళ్లు ఎక్కువ పెడుతున్నట్టున్నావే?" అన్నాడు. ఇద్దరూ లేచి చేలోకి నడిచారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. వెంకటరామారావు కాళ్లు కడుక్కుని, ఉషను దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టాడు.

"మా ఇంట్లో అన్నీ బాగుచేసేదానివి నువ్వేనట గదమ్మా. ముందు మావాణ్ని చెయ్యి."

అందరూ నవ్వారు. ఇంటి వెనక, చినుకుల్లో, వెంకటకృష్ణ ఉష పక్కన చేరాడు.

"అంతా బాగానే ఉంది గానీ, మన పెళ్లికి వీడియో ఎవరు తీస్తారు?"

"ఎవరన్న తియ్యనీ," అంది ఉష అతని చెయ్యి అందుకుంటూ. "నువ్వు మాత్రం నా పక్కన కూసో."