అక్క అంటించిన గుర్తు

మరో మనిషి రక్తం గొట్టంలోంచి తెర కిందకు జారగానే వసుంధర మీట నొక్కింది. పాత జబ్బుల గుర్తులు తెర మీద ఒక్కొక్కటే వెలిగాయి: గవదబిళ్ళలు, టైఫాయిడ్, పేరు తెలియని జలుబులు. ఒకసారి పోరాడిన శత్రువును తెల్లకణాలు ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాయి. ఆ గుర్తులన్నీ చెరిపి, అందరికీ ఒకేలా ఉండే సమరక్ష అనే కృత్రిమ రోగరక్షణను ఎక్కించడమే కాకినాడ మరపుకేంద్రంలో ఆమె ఉద్యోగం. పాతవి పూర్తిగా చెరపనిదే సమరక్ష ఒంటికి పట్టదని పైవాళ్ల మాట.

తర్వాత వచ్చిన ముసలావిడ పేరు సూరీడమ్మ. కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది.

"ఇందులో ఆటలమ్మ ఉంటదా అమ్మా?"

ఆమె రక్తానికి ఆటలమ్మ క్రిమి నకలు తగిలించగానే తెర మీద కొన్ని కణాలు నీలంగా మెరిశాయి.

"ఉందండి. చిన్నప్పుడెప్పుడో వచ్చినట్టుంది. ఇంకా గుర్తుపడుతున్నాయి."

"మా అక్క దగ్గర అంటుకుంది. నన్ను దగ్గరికెళ్లనివ్వకుండా అమ్మ గుమ్మంలో కూచునేది. నేను దొడ్డిదారిన దూరి, వేపాకుల మీద దాని పక్కనే పడుకునేదాన్ని. దురదెడితే ఒకళ్ల వీపు ఒకళ్లం వేపరెమ్మతో రాసుకునేవాళ్లం." సూరీడమ్మ నవ్వింది. "మరుసటేడు ఉప్పెనొచ్చింది. ఇల్లూ పోయింది, అక్కా పోయింది. ఫొటో కూడా మిగల్లేదు."

వసుంధరకు చిన్నప్పుడు తన ఆటలమ్మ తగ్గాక అమ్మమ్మ పోసిన స్నానం గుర్తొచ్చింది. ఎండలో కాగిన నీళ్లు, వేపాకు, పసుపు. ఆ వాసన తెలిసినవాళ్లు ఇక పుట్టరు.

"దాని ఒంట్లోంచి నా ఒంట్లోకొచ్చింది ఇదొక్కటే. ఇది ఉంచి తక్కినవి తీసెయ్యి తల్లీ."

"సమరక్ష పట్టకపోతే కొత్త జ్వరమేదైనా వస్తే తట్టుకోలేరండి."

"వస్తే వస్తది. అది నా పూచీ."

వసుంధర మీట మీంచి వేలు తీసింది. నీలం కణాలను పక్కకు తప్పించి తక్కినవి చెరిపింది. తెర ఎర్రబడింది. అందులోంచి పైఅధికారి గొంతు పలికింది.

"ఒక గుర్తు మిగిలిపోయింది. సరిచెయ్యండి."

"మిగిలిపోలేదు సార్. నేనే ఉంచాను."

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల మీద వాళ్లంతా ఆ మాట విన్నారు. సూరీడమ్మ లేచాక, వరుసలో ముందున్న నడివయసు మనిషి లోపలికొచ్చి కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మడవబోయి ఆగాడు.

"ముందు నాలో ఏమేమున్నాయో చెప్పండి మేడమ్. చెరిపేది తర్వాత చూద్దాం."

ఆయన వెనక వచ్చినవాళ్లూ అదే అడిగారు. ఆ పూట కేంద్రంలో ఇంకెవరికీ సమరక్ష ఎక్కలేదు.