మాణిక్యమ్మ గొంతు

ఆషాఢపు ముసురులో మాదాపూర్ అద్దాల మేడలు సగం దాకా మబ్బులో మునిగిపోయాయి. ఇలాంటి పొద్దున తిరుపతికి పని మీద ధ్యాస నిలవదు. డిటెక్టివ్ సంయుక్త దగ్గర ఆరేళ్లుగా సహాయకుడు. ఆమె తెలివి మీద గురి ఎక్కువ, తన తెలివి మీద అంతంతమాత్రం. అతను మబ్బులు చూస్తుండగానే తడిసిన గొడుగుతో వెంకటరమణ ఆఫీసులోకి వచ్చి కూలబడ్డాడు.

కడప నుంచి వచ్చి కొండాపూర్‌లో స్థిరపడిన ఆ పెద్దాయన, ఫోన్లో వినే కథల కంపెనీకి డిటెక్టివ్ సీరియల్ రాస్తున్నాడు. హంతకుడెవరో తేలే చివరి భాగం, చేత్తో రాసిన తొమ్మిది కాగితాలు, కొత్త అట్ట ఫైల్లో పెట్టి మొన్న ఉదయం స్టూడియోలో ఇచ్చాడు. నిన్న చూస్తే ఖాళీ ఫైలే మిగిలింది. ఈ రోజు మూడింటికి రికార్డింగు. అప్పటికి కాగితాలు లేకపోతే ముగింపు వేరొకరితో రాయిస్తామన్నారు.

మళ్లీ రాయొచ్చు కదా అని తిరుపతి అడిగాడు.

"రాత్రంతా కూచున్నా నాయనా. చెయ్యి కదలడంల్యా" అన్నాడాయన. ఏడాదిగా పెంచిన కథ పరాయిచేతుల్లో పడుతుందని ఆయన దిగులు.

సంయుక్తతో, పెద్దాయనతో కలిసి స్టూడియో గదిలోకి వెళ్లగానే వాన చప్పుడు ఆగిపోయింది. తిరుపతికి నీళ్ల అడుగున నడుస్తున్నట్టు అనిపించింది. ఫైలు ముట్టగలిగింది ఇద్దరే. సీరియల్ చూసుకునే హేమంత్, అన్ని పాత్రలూ చదివే రోహిణి.

సీరియల్లో లేడీస్ హాస్టల్ వంటమనిషి మాణిక్యమ్మే హంతకురాలని, ఆ ముగింపు పట్టుబట్టి రాయించింది తనేనని హేమంత్ చెప్పాడు. వార్డెన్ పంపిన పాలలో విషం ఉంది, ఆ గ్లాసును మాణిక్యమ్మ కడిగేసింది, అదే ఆధారం. "ఎవరూ ఊహించరు మేడమ్. మిస్టరీకి అదే ముఖ్యం. వానలూ, వంటింటి వాసనలూ ఎవరిక్కావాల?"

చివరి భాగం తన కంటబడనే లేదంది రోహిణి. పాత భాగాలు చూపించింది. ఊపిరి తీసుకునే చోటల్లా పెన్సిల్‌తో నొక్కి వాలుగీతలు పెట్టుకోవడం ఆమె అలవాటు.

మొన్న సాయంత్రం రికార్డు చేసిన భాగాన్ని సంయుక్త కళ్లు మూసుకుని విన్నది. తర్వాత ఖాళీ ఫైలును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంది. అట్ట మీద సన్నని నొక్కులున్నాయి. తిరుపతీ చూశాడు, ఏమీ బోధపడలేదు.

రెండింటికి అందరినీ కూర్చోబెట్టింది.

"తను కోరిన ముగింపును హేమంత్ దాచుకోడు. ఈ కొత్త ఫైలు మీద కాగితాలు పెట్టి గీసిన వాలుగీతలే ఈ నొక్కులు. చివరి భాగం చదివి గుర్తులు పెట్టుకున్నది రోహిణే. మొన్న మాణిక్యమ్మ 'తిన్నవా బిడ్డా' అన్న చోట ఆమె గొంతు పట్టేసింది. అక్కడ ఏడవాల్సిందేమీ లేదు. రాబోయేది ఆమెకు ముందే తెలుసు."

రోహిణి బ్యాగులోంచి తొమ్మిది కాగితాలూ తీసి బల్ల మీద పెట్టింది.

"మాణిక్యమ్మకు మా అమ్మ గొంతు పెట్టిన మేడమ్. మా అమ్మ బుచ్చమ్మ గీ కొండాపూర్లనే హాస్టల్ల వంట చేస్తది. రోజూ పిల్లలతోని కూసొని గీ కథ ఇంటది, గామె నా లెక్కనే మాట్లాడ్తదని నవ్వుతది. గా గొంతుతోని నేనే చంపిన అని ఎట్ల చెప్పాలె?"

ఈమెను తీసెయ్యక తప్పదని హేమంత్ గొణిగాడు. సంయుక్త పెద్దాయన వైపు తిరిగింది.

"చిక్కుముడి బాగానే వేశారండీ. కానీ ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, నేరం తెచ్చి వంటమనిషి నెత్తిన వేశారు. మాణిక్యమ్మ అలా చెయ్యదని మీకు తెలుసు. చెయ్యి కదలనిది అందుకే."

ఆయన ఆ తొమ్మిది కాగితాలూ దగ్గరికి తీసుకుని తిరగేశాడు. ఎంగిలి గ్లాసు కనబడితే కడగడం వంటమనిషి అలవాటేనని, ఆధారం మార్చక్కర్లేదని, పాలు పంపిన వార్డెన్‌నే ఎవరూ అనుమానించకుండా వదిలేశారని మెల్లగా అన్నాడు. తర్వాత రోహిణిని అడిగాడు.

"చంపింది ఎవురో తెలిస్తే మీ అమ్మ ఏం చేస్తాదమ్మా?"

రోహిణి వెంటనే చెప్పింది.

"ముందుగాల అన్నం పెడ్తది సార్. తిన్నంక చెయ్యి పట్టుకొని తనే ఠాణాకు తీస్కపోతది."

పెద్దాయన తెల్లకాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ నిండగానే రోహిణి అందుకుని, ఊపిరి గుర్తులు పెట్టుకోసాగింది. హేమంత్ ఆమె భుజం మీదుగా ఆ పేజీ చదివాడు, గడియారం చూశాడు, రికార్డింగును మూడున్నరకు వాయిదా వేశాడు.