పులి ఆలోచిస్తోంది

రుక్మిణక్కా, బాగున్నవా? నీ మెసేజ్ చూసిన. మీ మనవడికి మా సతీష్ చేసిన పులి-మేక ఆట కావాలె, లింకు పంపు అన్నవు. పంపనక్కా. కోపం చేసుకోకు. టైప్ చేసేంత ఓపిక నాకు లేదు, గందుకే వాయిస్ మెసేజ్ పెడుతున్న. శ్రావణి ఇప్పుడే స్నానానికి పోయింది. వచ్చేలోపు చెప్త. అంట్లు తోముకుంట విను, కాని మధ్యల ఆపకు.

నీకెరికే కదా, మా తమ్ముడు కొత్తగూడెంల ఇంట్లనే కూసొని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తడు. ఫోన్ల ఆటలు చేసే కంపెనీ. ఎదురుగ మనిషి లేకుంటే కంప్యూటరే మనతోని ఆడుతది చూడు, దానికి తెలివి పెంచుడు వాని పని. పోయినేడు ఎండాకాలం మా ఇంటికొచ్చి ఫోన్ మా ఆయన చేతిల వెట్టిండు.

"బావా, పులులు కంప్యూటర్‌వి, మేకలు నీవి. ఆడి ఎట్లుందో చెప్పు."

మా ఆయన సంగతి నీకు చెప్పాల్నా? ఈ చుట్టుపక్కల పులి-మేకల వీరన్నను ఓడగొట్టినోడు లేడు. నాలుగు నిమిషాలల్ల మూడు పులుల్ని కట్టేసి ఫోన్ వాపసిచ్చిండు.

"నీ పులికి ఆకలెక్కువ, ఓపిక తక్కువ బామ్మర్ది. మేక కనవడితే చాలు, దుంకుతది. ఎర అన్న సోయే లేదు."

"తెలివి పెంచితే ఎవ్వలూ గెలుస్తలేరు బావా. కోపమొచ్చి ఆట తీసేస్తుండ్రు. మనిషి లెక్క ఆడాలె. ఆశ పెట్టాలె, ఆగాలె. గా ఆగుడే ప్రోగ్రాం రాస్తే వస్తలేదు."

"రాస్తే ఏడొస్తది? చూసి నేర్చుకోవాలె."

గా మాట పట్టుకున్నడు సతీష్. మా ఇంట్ల టేకు పలక ఉంది కదా, ఆయన ఇనుప చువ్వ కాల్చి గీతలు గీసింది. దాని మీద ఫోన్ నిలబెట్టి మేమిద్దరం ఆడేదంతా వీడియో తీసిండు. మూడు గచ్చకాయలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. రెండు వందల పైన ఆటలు తీసి, అన్నీ కంప్యూటర్‌కి చూపించిండు.

ఆయన ఒక్కో గింజకు మనోళ్ల పేర్లు వెట్టిండక్కా. అన్నిట్ల లావు గింజ నీది, నవ్వకు. మా బిడ్డ శ్రావణి చిన్నప్పుడు ఒక గింజకు ఎర్ర గోళ్లరంగు పూసింది. గది శ్రావణి.

ఇంకొకటి. పులిని కదిపే ముందు ఆయన చెయ్యి చాపుతడు. తాకుతడు. మళ్ల వెనక్కి తీస్తడు. "ఊ..." అంటడు. గప్పుడు కదుపుతడు. ఇరవై రెండేండ్లు చూసిన గా చెయ్యి.

పోయినేడు జులైల ఒక రోజు పొద్దుగాల నుంచీ వాన. గోదావరికి మొదటి హెచ్చరిక ఇచ్చిండ్రని ఆటోకు మైకు కట్టి చెప్తుండ్రు. మధ్యాహ్నం పన్లేక పలక ముందటేసుకున్నం. సతీష్ లేడు, ఆయన ఫోన్‌తోనే వీడియో తీసుకుంటున్నం. ఆడంగ ఆడంగ ఎర్ర గింజ ఆయన పులి పక్కకొచ్చింది. దాని వెనక జాగ ఖాళీ. ఒక్క దుంకుడే.

"నీ బిడ్డను మింగుతున్న, చూడే ప్రమీలా," అని నవ్విండు. చెయ్యి చాపిండు. వెనక్కి తీసిండు. గప్పుడే గోదారి ఒడ్డు దిక్కు మా బర్రెలు అరిచినయ్. ఫోన్ జేబుల వేసుకొని లేచిండు.

"కట్లు విప్పి వస్త. ఎత్తు నాది. ఏం కదపకు."

నేను కదిపిన అక్కా.

ఎర్ర గింజను ఒక్క గీత పక్కకు జరిపిన. వచ్చినంక కనిపెడతడో లేదో అని. సరదాకే... బిడ్డ పేరు గింజ కదా, మింగుతుంటే మనసొప్పలే. ఇంట్ల ఎవ్వలూ లేరు. ఎవ్వలూ చూడలే.

బర్రెలు వచ్చినయ్. ఆయన రాలే. ఆరు రోజులు పడవలేసి వెతికిండ్రు. మనిషి దొరకలే, ఫోన్ దొరకలే. పలకను తుడవబుద్ధి కాక, గింజలు గట్లనే ఉంచి, గుడ్డ కప్పి సజ్జ మీద వెట్టిన. నేను జరిపిన సంగతి మాత్రం ఇయ్యాల్టిదాకా నా నోట రాలే. నీకే ఫస్టు చెప్తున్న.

మొన్న జూన్‌ల సతీష్ ఆట పూర్తయిందని నా ఫోన్‌ల ఎక్కిచ్చిండు. "బావ లెక్కనే ఆడుతది అక్కా," అన్నడు. ఎర వేసిన, తినలే. ఆగింది. కదిలే ముందు పులి బొమ్మ జరంత ముందుకొచ్చి, మళ్ల వెనక్కి పోయింది.

"గిది నువ్వు వెట్టినవారా?"

"లేదక్కా. బావ చెయ్యి చూసి నేర్చుకున్నదేమో."

ఆ రోజు మస్తు ఏడ్చిన. ఇగ రోజూ మధ్యాహ్నం అంగన్‌వాడీ మూసేసి ఇంటికి రాంగనే ఫోన్ ముందట కూసునుడే. అబద్ధమెందుకు, ఆయన ఎదురుగ కూసున్నట్టే ఉండె.

పదిహేను రోజులైనంక ఒకనాడు ఆడుతుంటే నా చెయ్యి ఆగింది. గా వాన రోజు మధ్యల ఆగిన ఆటే. మూడు పులులు, పద్నాలుగు మేకలు, గా రోజు ఏడున్నయో గాడనే ఉన్నయ్. పదిహేనోది నేను జరిపిన జాగల ఉంది. ఎత్తు పులిది. కింద అక్షరాలు... పులి ఆలోచిస్తోంది.

మామూలుగ రెండు సెకన్లల కదులుతది. గంటైంది. తెల్లారింది. ఫోన్ బంద్ చేసి మళ్ల తెరిచిన. పులి ఆలోచిస్తోంది.

సతీష్ వచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలిచ్చి చూసిండు.

"ఇది ఆలోచిస్తలేదక్కా. నీ ఎత్తు ఒప్పుకుంటలేదు. ఈ మేక వంతు గాకుండ జరిగిందంటుంది."

"నేను గట్ల ఆడిన్నా?"

"లేదు. నువ్వాడినవన్నీ సరైనయే. తప్పు ఎత్తు అసలు ఆడనియ్యదు. మరి గిదెట్ల అంటుందో..."

"సతీష్, గా చివరి రోజు ఆట దీనికి చూపించినవా?"

"యాడిది అక్కా? గది బావ ఫోన్‌లనే పోయె కదా."

బొమ్మ పక్కన వెనక్కి అని ఒక బటన్ ఉంటది. నొక్కితే మన చివరి ఎత్తు పోయి మేక పాత జాగకు పోతది. సతీష్ వేలు పెట్టబోయిండు. చెయ్యి గుంజి పడేసిన. పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

వాడు పోయినంక మూడు రోజులు గా బటన్ మీద వేలు పెట్టుకొని నేనే కూసున్న. ఎందుకంటవా? ఎత్తు నాది, వస్త అన్నడు కదక్కా. ఎక్కడిదక్కడ పెడితే వస్తడేమో. కాని వస్తే... ఏ మేక మీద దుంకుతడో నాకు తెల్సు. నొక్కలే. ఫోన్ బంద్ చేసి, గుడ్డల చుట్టి బియ్యం డబ్బాల దాచిన.

శ్రావణి ఖమ్మంల నర్సింగ్ కదా. వానలకు సెలవులిస్తే ఇంటికొచ్చింది. ఆ రోజు గోదారికి రెండో హెచ్చరిక. కరెంటు లేదు. మధ్యాహ్నం మూడింటికే ఇంట్ల మసక. నేను పొయ్యికాడ ఉన్న. ముందు వాసనొచ్చింది. బురద. నాచు. తడిసిన బర్రె తోలు వాసన...

లోపటి అర్రల నుంచి శ్రావణి. "అమ్మా, బియ్యంల ఫోన్ ఎందుకు దాచినవ్? గీ పులి ఎంతకూ కదుల్తలేదు. వెనక్కి నొక్కిన."

ఉరికిన. మేక పాత జాగల ఉంది. పులి ముందుకొచ్చింది. వెనక్కి పోయింది. ఆ ఫోన్‌ల సౌండ్ నేను ఎప్పుడూ బంద్ పెడతనక్కా. అయినా వినవడ్డది.

"ఊ..."

దుంకింది.

శ్రావణి లేచి నిలవడ్డది. చూపు తలుపు దిక్కు.

"అమ్మా... బర్రెల కట్లు ఎవరు విప్పుతుండ్రు?"

గట్టిగ పట్టుకున్న. పిల్ల చేతులు మంచు లెక్క. తడి. వానలకు బయటికే పోలే అది... అరుగు మీద అడుగులు. ఒకటి. ఇంకొకటి. గడప కాడ ఆగినయ్.

"తలుపు తియ్యనా అమ్మా?"

"తియ్యకు."

"నాన్న గదా..."

"తియ్యకు బిడ్డా."

ఎంతసేపో తెల్వదు. వాన సప్పుడొక్కటే మిగిలింది.

వాన తెరిపిచ్చినంక తలుపు తీసిన. బర్రెలు ఎక్కడివక్కడనే ఉన్నయ్. కట్లు మాత్రం విప్పి, చుట్ట చుట్టి, మేకుకు తగిలిచ్చి ఉన్నయ్. ఆయన తగిలిచ్చినట్టే. లోపటికొచ్చి సజ్జ ఎక్కి పలక మీద గుడ్డ తీసిన. గింజలు పద్నాలుగే. ఎర్రది లేదు. గచ్చకాయ అటు పక్కకు దుంకి కూసున్నది. ఎర్ర గింజ ఉండాల్సిన కాడ ఒక బొట్టు ఒండ్రు మట్టి. ఇంకా తడిగనే ఉంది.

తెల్లారే శ్రావణిని తీసుకొని గోదారికి దూరంగ కొత్తగూడెం వచ్చేసిన. సతీష్ నా ఫోన్‌ల ఆట తీసేసిండు. కంపెనోళ్ల దగ్గర మాత్రం ఉంది, వాళ్లకు మస్తు నచ్చిందంట. నువ్వడిగిన లింకు గదే.

శ్రావణికి ఏం కాలే. జ్వరం గూడ రాలే. బతికిపోయిందనుకున్న. కాని అక్కా... నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టిన. కంచం దిక్కు చెయ్యి చాపింది. అన్నం తాకింది. వెనక్కి తీసింది. "ఊ," అన్నది. తినలే. నా దిక్కే చూసుకుంట కూసున్నది.

"ఆకలైతలేదా బిడ్డా?"

"అయితుందమ్మా," అన్నది. "ఆగుతున్న."

జర మెల్లగ మాట్లాడుతున్న, వినవడుతుందా? స్నానాల గదిల నీళ్ల సప్పుడు బందయి శానసేపైందక్కా. తలుపు తీసిన సప్పుడైతే ఇంకా రాలే.