డింగన్న మూడో వెంట్రుక

"నా డింగన్నను ఎవరో ఎత్తుకుపోతున్నారండీ," అన్నాడు బొమ్మలాయన, డిటెక్టివ్ గారి గదిలో కుర్చీ అంచున కూర్చుని.

డింగన్న ఎవరో తెలియని ఇల్లు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పత్రిక చివరి పేజీలో, రోజుకు మూడు గడుల బొమ్మల్లో అల్లరి చేస్తున్న గాడిదపిల్ల. డిటెక్టివ్ గారి సహాయకురాలు వాణ్ణి చూస్తూనే అక్షరాలు నేర్చుకుంది. వాణ్ణి గీసిన చేతులు వణకడం చూసి ఆమె మనసు చివుక్కుమంది.

"రెండు నెలలుగా నేను పంపేదొకటి, అచ్చయ్యేదొకటి. మాటలు నావే, గీతలు నావి కావు. నా చెయ్యి వణుకుతోందని పత్రికవాళ్ళు చాటుగా ఇంకెవర్నో పెట్టుకున్నట్టున్నారు. రేపో మాపో నన్ను పొమ్మంటారు. వాడు లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యను?"

పత్రికాఫీసుకు వెళ్ళి అడిగితే సంపాదకుడు ఒట్టు పెట్టుకున్నంత పనిచేశాడు. "కవరులో ఏది వస్తే అదే వేస్తున్నామండీ. మా ఆఫీసు చిత్రకారుడా? వాడు డింగన్న సినిమా చూసి పెరిగిన కుర్రాడు. గురువుగారి గీత ముట్టుకోడానికే భయపడతాడు."

డిటెక్టివ్ ఈ రెండు నెలల బొమ్మల్నీ, పాత సంపుటాల్నీ పక్కపక్కన పెట్టుకుని పూటంతా చూశాడు. ఆ తర్వాత ఆయనా, సహాయకురాలూ బొమ్మలాయన ఇంటికి వెళ్ళారు. భార్య టీ ఇచ్చింది.

"బొమ్మ కవరులో పెట్టి, భోంచేసి, ఓ కునుకు తీస్తారు. నాలుగింటికి ఆఫీసు మనిషొచ్చి పట్టుకెళ్తాడు."

"మీరూ గీస్తారా అమ్మా?"

"పెళ్ళయిన కొత్తలో ఆయన పెన్సిలు గీతల మీద సిరా దిద్దేదాన్ని. పాప పుట్టాక మానేశాను. ఆ సినిమా రాకముందు సంగతి, ఇప్పుడెందుకు లెండి!"

మర్నాడు బొమ్మలాయన ఇంట్లోనే అందరినీ కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"మొదట్లో డింగన్న నెత్తిన మూడు వెంట్రుకలుండేవి. సినిమాకి వేల బొమ్మలు గీయాల్సొచ్చి వాళ్ళు ఒకటి పీకేశారు. అప్పట్నుంచి పత్రికలోనూ రెండే. ఈ రెండు నెలల బొమ్మల్లో మాత్రం, హడావిడిగా గీసిన చోటల్లా మళ్ళీ మూడు! రెండే అన్న సంగతి ఈయన మరిచిపోరు. ఆఫీసు కుర్రాడికి మూడు సంగతే తెలీదు. చేతికి మూడే అలవాటైన మనిషి, ఆ కవరు దగ్గర మధ్యాహ్నమంతా ఉండే మనిషి, ఒక్కరే."

సహాయకురాలికి ఒక్కసారిగా అంతా తేటతెల్లమైంది. డిటెక్టివ్ గారు డిటెక్టివ్ గారే! కానీ ఈసారి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. బొమ్మలాయన భార్య తల వంచుకుంది.

"మీ బొమ్మను కిటికీ అద్దం మీద పెట్టి, పైన ఇంకో కాగితం వేసి దిద్దాను. పత్రికవాళ్ళు వెనక్కి పంపిస్తే మీరు తట్టుకోలేరని..."

"నా చెయ్యి సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మీరు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్న రోజునే."

 అవమానమో ప్రేమో తేల్చుకోలేక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆ రోజు బొమ్మను బల్ల మీద పరిచి, పక్కన ఇంకో కుర్చీ లాగాడు.

"ఇకనుంచి పెన్సిలు నాది, సిరా నీది. బొమ్మ మీద సంతకం పెట్టు."

"నేనా? నేనెప్పుడూ పెట్టలేదు కదండీ. ఎక్కడ పెట్టాలి?"

"నీకు నచ్చిన చోట ముందు నువ్వు పెట్టు," అన్నాడాయన కలం అందిస్తూ. "మిగిలిన చోట నేను సర్దుకుంటాను."